వృత్తిపర కోచింగ్‌లో ఆశుత్వం: పృచ్ఛక దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వృత్తిపరమైన కోచింగ్ గురించి వెలువడిన రచనలు కోచ్‌కు ఉండవలసిన లక్షణాల్లో ఆశుత్వాన్ని, అంటే ఎదుటి సందర్భాన్ని బట్టి అప్పటికప్పుడు మాటనూ మార్గాన్నీ కల్పించుకోగల నేర్పును, ప్రముఖంగా పేర్కొంటాయి. ఈ నేర్పును రంగస్థల నటుడి నేర్పుతోనో జాజ్ వాద్యకారుడి నేర్పుతోనో పోల్చడం కనిపిస్తుంది. అటువంటి పోలిక కోచ్‌ను ప్రదర్శకుడిగా నిలబెట్టి, నేర్చుకొనే వ్యక్తిని ప్రేక్షకుడిగా మార్చే ప్రమాదం ఉందని ఈ వ్యాసం వాదిస్తుంది. తిమోతీ గాల్వే, డొనాల్డ్ షాన్, వయోలా స్పోలిన్, కీత్ జాన్‌స్టోన్ రచనల్లోని సందర్భాలను తెలుగు అవధానప్రక్రియతోనూ, రాజశేఖరుడి ప్రతిభావిభాగంతోనూ కలిపి పరిశీలించి, కోచ్ ఆశుత్వానికి దగ్గరి ఉపమానం అవధాని కాదనీ, పృచ్ఛకుడనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కోచింగ్, ఆశుత్వం, అవధానం, పృచ్ఛకుడు, నిషిద్ధాక్షరి, భావయిత్రీ ప్రతిభ, ధారణ.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ‘కోచింగ్’ అనగానే స్ఫురించేది పోటీపరీక్షల శిక్షణ. ఇంజనీరింగ్, వైద్య ప్రవేశపరీక్షలు మొదలుకొని గ్రూప్స్, సివిల్స్ వరకు అక్కడి పాఠం ముందే నిర్ణయమై ఉంటుంది. సిలబస్, గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు, నమూనా పరీక్షలు, వాటి మార్కులు అనే క్రమంలో అది నడుస్తుంది. ఈ అర్థం తెలుగువారు కల్పించుకొన్నది కాదు. హంగేరీలోని ‘కోచ్’ అనే గ్రామం పేరు మీద ఒక రకం బండికి ఏర్పడిన ఈ పదం 19వ శతాబ్దిలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల వాడుకలో, పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు బోధకుడికి పేరయింది. ఆ తరువాతే అది క్రీడారంగానికి విస్తరించింది.

వృత్తిపరమైన కోచింగ్ అని ఇవాళ వ్యవహరించేది దీనికి భిన్నమైనది. ఉద్యోగంలోనో, నాయకత్వంలోనో, జీవితంలోనో ఒక మలుపు దగ్గర నిలిచిన వ్యక్తితో కోచ్ నియమబద్ధంగా సంభాషిస్తాడు. అతని పని సమాధానం చెప్పడం కాదు, ఎదుటివారు తమ సమాధానాన్ని తామే కనుగొనడానికి తోడ్పడడం. ఈ వృత్తి ప్రమాణాలను రూపొందిస్తున్న సంస్థల్లో ప్రముఖమైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ 1995లో ఏర్పడింది. 2019లో ఆ సంస్థ సవరించిన సామర్థ్యాల పట్టికలో ‘సన్నిధిని నిలుపుకోవడం’ ఒక అంశం. తెలియనితనంలో ఇబ్బంది పడకుండా పనిచేయగలగడం, మౌనానికీ విరామానికీ చోటివ్వడం అందులో భాగాలు. ముందే రాసుకున్న పాఠంతో ఈ పని సాగదన్న అంగీకారం ఆ పట్టికలోనే ఉంది.

అయితే ఆశుత్వం అవసరమని ఒప్పుకున్నంత మాత్రాన మూడు ప్రశ్నలు తీరవు. కోచింగ్‌లో ఆశువుగా కల్పించవలసింది ఎవరు? ఆ కల్పన ఎవరికి చెందుతుంది? అది విఫలమైతే నష్టం ఎవరిది? ఈ మూడింటినీ విడదీసి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. కోచ్‌ను ఆశ్రయించిన వ్యక్తిని ఇక్కడ ‘సాధకుడు’ అని వ్యవహరించడం జరిగింది.

2. ఆశుత్వం: పారిభాషిక నిర్ణయం

ఆశుత్వమంటే సన్నద్ధత లేకపోవడం కాదు. మమ్మటుడు కావ్యహేతువును చెప్పేటప్పుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ కలిపి ఒకే హేతువుగా పరిగణించాడు. ఆశుకవి విషయంలో ఈ మూడూ మరింత గాఢంగా కలిసిపోతాయి. వేదిక మీద ఒక్క నిమిషంలో పద్యం చెప్పే కవికి ఆ నిమిషం వెనుక ఛందస్సుతో, నిఘంటువుతో, పురాణాలతో ఏళ్ల పరిచయం ఉంటుంది. అతడు సిద్ధం చేసుకొని రానిది ఆ పద్యాన్ని మాత్రమే. తానే సిద్ధపడి వచ్చాడు. కోచ్ విషయంలోనూ ఈ విభజన చెల్లుతుంది. తాను సన్నద్ధుడు కావడం వేరు, సంభాషణను సన్నద్ధం చేసుకొని రావడం వేరు. మొదటిది లేనివాడు రెండోదాన్ని వదులుకుంటే మిగిలేది ఆశుత్వం కాదు, అజాగ్రత్త.

ఇంతకన్నా కీలకమైన విభజన రాజశేఖరుడి కావ్యమీమాంసలో ఉంది. ఆయన ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా చెప్పాడు. కారయిత్రి కవికి ఉపకరిస్తుంది, భావయిత్రి భావకుడికి ఉపకరిస్తుంది. కవి శ్రమ అనే చెట్టు ఫలించడానికి భావకుడి ప్రతిభ కారణమని ఆయన అభిప్రాయం. గ్రహించడం కూడా ప్రతిభేనని, అది రచించే ప్రతిభకు నీడ కాదని ఈ విభజన గుర్తిస్తుంది. కోచింగ్ సాహిత్యంలో ఆశుత్వాన్ని గురించిన చర్చ చాలావరకు కారయిత్రీ ప్రతిభ పరిభాషలో సాగుతోంది. కోచ్ ఎంత చమత్కారమైన ప్రశ్న వేశాడు, ఎంత కొత్త ఉపమానం తెచ్చాడు, సంభాషణను ఎలా మలుపు తిప్పాడు అన్నవే అక్కడ కొలమానాలు. భావయిత్రి వైపు నుంచి చూస్తే ప్రశ్నే మారిపోతుంది. సాధకుడు అన్నదాంట్లో ఇతరులు వినని దేన్ని కోచ్ విన్నాడు? అలా విన్నందువల్ల సాధకుడు ఏమి చేయగలిగాడు?

3. టెన్నిస్ కోర్టులో రెండు సందర్భాలు

ఆధునిక కోచింగ్‌కు మూలగ్రంథాల్లో ఒకటిగా చెప్పుకొనే తిమోతీ గాల్వే రచన ‘ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్’ 1974లో వెలువడింది. ఆటగాడిలో ఆజ్ఞలిచ్చే ‘నేను’, ఆడే ‘నేను’ అని రెండున్నాయనీ, మొదటిది రెండోదాని పనికి అడ్డుపడుతుందనీ ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం కన్నా దానికి దారితీసిన సందర్భాలు ఇక్కడ ప్రస్తుతం.

ఒక కొత్త విద్యార్థికి గాల్వే సూచనలేవీ ఇవ్వకుండా ఫోర్‌హ్యాండ్‌ను పదిసార్లు ఆడి చూపాడు. చూడమని మాత్రమే చెప్పాడు. విద్యార్థి తాను గమనించిన మొదటి విషయంగా పాదాల కదలికను పేర్కొన్నాడు. తీరా తాను ఆడినప్పుడు మిగిలిన కదలికలన్నీ చక్కగా వచ్చాయి, పాదాలు మాత్రం కదలలేదు. మాటల్లోకి ఎక్కిన ఒక్క అంశమే చేతల్లోకి దిగలేదు. మరో ఆటగాడికి రాకెట్‌ను మరీ ఎత్తుగా వెనక్కి తీసుకెళ్లే అలవాటు ఉంది. ఆ సంగతి అంతకుముందే ఐదుగురు శిక్షకులు చెప్పారు. గాల్వే దాన్ని ఆరోసారి చెప్పలేదు. దగ్గరలో ఉన్న పెద్ద కిటికీ అద్దం ముందుకు తీసుకెళ్లి, అందులో తన ప్రతిబింబాన్ని చూసుకుంటూ రాకెట్ తిప్పమన్నాడు. తన చేయి అంత ఎత్తుకు వెళ్తోందని ఆటగాడు అప్పుడే నిజంగా చూశాడు.

ఆశుత్వం దృష్టితో పరిశీలిస్తే ఈ రెండో సందర్భం విలువైనది. కిటికీ అద్దం శిక్షణోపకరణం కాదు. ఏ పాఠ్యప్రణాళికలోనూ అది ఉండదు. ఆ క్షణంలో ఆ ఆటగాడికి కావలసింది సమాచారం కాదని, తన చేతిని తాను చూసుకొనే అవకాశమని గ్రహించడం మొదటి మెట్టు. ఆ అవకాశం దొరికే వస్తువు పక్కనే ఉందని గమనించడం రెండోది. కల్పన రెండో మెట్టులో ఉన్నట్టు కనిపిస్తుంది గాని, దాని ప్రాణం మొదటి మెట్టులోని గ్రహింపులో ఉంది. దాని ఫలితమూ కోచ్ చేతిలో లేదు, ఆటగాడి కంటిలో ఉంది. అద్దంలో అతనికి ఏమీ కనిపించకపోతే గాల్వే చేసింది వట్టి వింత పని అయ్యేది.

అయితే ఆశువుగా పుట్టినది పద్ధతిగా గడ్డకట్టడానికి ఎక్కువకాలం పట్టదు. బంతి నేలను తాకినప్పుడు ఒక మాట, రాకెట్‌ను తాకినప్పుడు ఒక మాట పైకి అనమనే గాల్వే అభ్యాసం దృష్టిని బంతి మీద నిలపడానికి ఉద్దేశించినది. అదే అభ్యాసాన్ని అవసరం చూడకుండా ప్రతివారితో చేయిస్తే అది మరో ఆజ్ఞగా మారుతుంది. గాల్వే ఆలోచనలను బ్రిటన్‌కు తీసుకెళ్లినవారిలో ఒకరైన జాన్ విట్‌మోర్ 1992లో ప్రచురించిన ‘కోచింగ్ ఫర్ పెర్ఫార్మెన్స్’ ద్వారా వ్యాప్తి చెందిన ‘గ్రో’ నమూనాను ఈ కోణంలో చూడవచ్చు. లక్ష్యం, వాస్తవస్థితి, అవకాశాలు, సంకల్పం అనే నాలుగు దశలు అందులో ఉన్నాయి. ఛందస్సు పద్యానికి ఎలాంటిదో ఈ నమూనా సంభాషణకు అలాంటిది. గణాలు సరిపోయి, యతిప్రాసలు కుదిరినంత మాత్రాన పద్యం కవిత్వం కాదు. నాలుగు దశలూ వరుసగా పూర్తయినంత మాత్రాన సంభాషణ కోచింగ్ కాదు. అలాగని ఛందస్సును నిందించడమూ సరికాదు. నడక నిశ్చితమై ఉన్నందువల్లనే ఆశుకవి తన దృష్టినంతా మాట మీద పెట్టగలుగుతున్నాడు. నమూనా మనసులో స్థిరపడిన కోచ్ మాత్రమే దాన్ని మరచి ఎదుటి మనిషిని వినగలడు.

4. డిజైన్ తరగతి: ప్రదర్శకుడైన గురువు

కోచింగ్‌లో ఆశుత్వానికి సిద్ధాంతస్థాయి కల్పించినవారిలో డొనాల్డ్ షాన్ ముఖ్యుడు. 1983లో వచ్చిన ‘ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్’లో ఆయన వృత్తినిపుణుల ఆలోచనను పనిచేస్తూనే చేసే పర్యాలోచనగా వర్ణించి, జాజ్ వాద్యకారుల ఆశుగానాన్ని ఉదాహరణగా చూపాడు. ఆ గ్రంథంలో విస్తృతంగా విశ్లేషించిన సందర్భం ఒక ఆర్కిటెక్చర్ తరగతిది. పెట్రా అనే విద్యార్థిని వాలుగా ఉన్న స్థలంలో ఒక ప్రాథమిక పాఠశాలకు నమూనా గీస్తోంది. భవనం ఆకృతి నేల వాలుకు కుదరడం లేదు. విడివిడి తరగతి గదులను ఆమె ‘ఎల్’ ఆకారంలో జంటలుగా మార్చుకుంది, ఆపైన ముందుకు సాగలేకపోతోంది. గురువు క్విస్ట్ ఆమె చిత్రాల మీద పలుచని కాగితం పరిచి, మాట్లాడుతూ గీస్తూ, గీస్తూ మాట్లాడుతూ పరిష్కారం వైపు సాగుతాడు. స్థలం అడ్డదిడ్డంగా ఉన్నప్పుడు యాదృచ్ఛికమైనదైనా సరే ఒక క్రమాన్ని ముందు విధించుకోవాలనీ, తరువాత దాన్ని ఛేదించవచ్చనీ అతడు చెబుతాడు.

క్విస్ట్ నేర్పు ప్రశంసనీయమే. తనకు తానే ఒక నియమం పెట్టుకొని, దాని పర్యవసానాలను వింటూ ముందుకు వెళ్లడం ఆశుకవి పద్ధతి. అయితే షాన్ విశ్లేషణలో వెలుగంతా క్విస్ట్ చేతి మీద పడుతుంది. ‘ఎల్’ ఆకారం అనే బీజం పెట్రాది. దాన్ని పెంచి పూయించిన చేయి క్విస్ట్‌ది. గురువు గీస్తున్నంతసేపు విద్యార్థిని చేయి ఆగిపోయింది. ఆ తరగతిలో ఒక గొప్ప ఆశుకల్పన జరిగిందనడంలో సందేహం లేదు, అది విద్యార్థిని ద్వారా జరగలేదన్నది అంతే నిజం. పలుచని కాగితం ఇక్కడ సూచకంగా కనిపిస్తుంది. ఆమె గీతలు కింద మసకగా ఉంటాయి, అతని గీతలు పైన స్పష్టంగా ఉంటాయి.

షాన్ ఈ సమస్యను గమనించలేదనడం అన్యాయం. 1987లో వెలువడిన ‘ఎడ్యుకేటింగ్ ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్’లో గురుశిష్యుల మధ్య అపార్థాలు గట్టిపడే తీరును ఆయన చర్చించాడు. కోచింగ్‌ను మూడు తీరులుగా విభజించి, వాటిలో ఒకదాన్ని ఉమ్మడి ప్రయోగంగా వర్ణించాడు. అందులో విద్యార్థి తాను ఏమి సాధించదలచాడో ముందు నిర్ణయించుకుంటాడు, కోచ్ చెప్పాలన్న ఉబలాటాన్ని ఆపుకుంటాడు. మరొకటి ‘నన్ను అనుసరించు’ అనే తీరు. క్విస్ట్ పద్ధతి ఈ రెండో తీరుకు దగ్గరిది. ఆశుత్వం అన్న ఒక్క మాటతో ఈ రెండింటినీ సమానంగా మెచ్చుకోవడం వల్ల ముఖ్యమైన భేదం చెరిగిపోతుంది. గురువు ఆశువుగా సమస్యను పరిష్కరించడం ఒకటి, శిష్యుడి ఆశుత్వానికి దారి ఇవ్వడం మరొకటి.

5. అవధాని, పృచ్ఛకుడు

ఈ భేదాన్ని స్పష్టంగా చూపగల ప్రక్రియ తెలుగులో ఉంది. అష్టావధాన వేదిక మీద అవధాని ఒక్కడే ఆశువు చెబుతాడనీ, చుట్టూ ఉన్న ఎనిమిదిమంది పృచ్ఛకులు అడిగి ఊరుకుంటారనీ సామాన్యాభిప్రాయం. సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాల్లో ఇది చాలావరకు నిజం. సమస్యాపాదాన్ని, ఇవ్వదలచిన నాలుగు పదాలను పృచ్ఛకుడు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకొని రావచ్చు. అడిగిన తరువాత అతనికి మిగిలిన పని వినడం, ఆవృత్తి ఆవృత్తికీ పూర్తవుతున్న పాదాన్ని రాసుకోవడం.

నిషిద్ధాక్షరి అలాంటిది కాదు. అక్కడ పృచ్ఛకుడు వస్తువును మాత్రమే ముందుగా నిర్ణయించుకోగలడు. అవధాని ఒక అక్షరం చెప్పగానే, అతడు వెళ్లబోయే మాటను ఊహించి, ఆ తరువాతి అక్షరాన్ని నిషేధించాలి. రాముడి మీద పద్యమై ‘రా’ వినిపిస్తే ‘మ’ నిషిద్ధం అవుతుంది. అవధాని ‘ఘ’ వైపో ‘జ’ వైపో తిరగాలి. అతడు ఎటు తిరిగాడో తెలిసేదాకా పృచ్ఛకుడికి తన తరువాతి మాట తెలియదు. ఛందస్సు, పదసంపద, ప్రసిద్ధమైన సమాసాలు అవధానికి ఎంత తెలియాలో పృచ్ఛకుడికీ దాదాపు అంత తెలియాలి. అయినా పద్యం అతనిది కాదు. అప్రస్తుతప్రసంగి పరిస్థితీ కొంత ఇలాంటిదే. వేదిక మీద అప్పుడు దొర్లిన మాట మీదనే అతని ప్రశ్న మొలకెత్తవచ్చు. ఈ ఇద్దరూ ఆశువుగా పనిచేసే పృచ్ఛకులు, ప్రశ్నించే ఆశుత్వానికి ప్రతినిధులు.

వృత్తిపర కోచ్‌కు దగ్గరి ఉపమానం ఇక్కడ దొరుకుతుంది. పద్యం చెప్పవలసినవాడు సాధకుడు. కోచ్ అతని ప్రతి అక్షరాన్నీ విని, అలవాటు కొద్దీ అతడు దేన్ని పలకబోతున్నాడో గ్రహించి, ఆ సులువైన మార్గాన్ని కాసేపు మూస్తాడు. ఉదాహరణకు, తన విభాగంలో ఎదురవుతున్న ప్రతి చిక్కునూ ‘పై అధికారులు ఒప్పుకోరు’ అన్న మాటతో ముగించే ఒక ఉద్యోగిని ఊహించవచ్చు. ‘వారు ఒప్పుకున్నారనే అనుకుందాం, రేపు ఉదయం మీరు చేసే మొదటి పని ఏమిటి?’ అన్న ప్రశ్న ఆ వాక్యాన్ని నిషిద్ధం చేస్తుంది. ఈ ప్రశ్న స్వతహాగా గొప్పది కాదు. ఆ మాట మూడోసారి వినిపించిన తరువాత, ఆ క్షణంలో అడగడం వల్ల దానికి బలం వచ్చింది. అదే ప్రశ్నను చీటీ మీద రాసుకొని వచ్చి మొదటి నిమిషంలో అడిగితే అది వట్టి ప్రశ్నగానే మిగులుతుంది.

ఈ ఉపమానానికి హద్దులున్నాయి. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధానిని పరీక్షిస్తాడు. అతని నిషేధం ఎంత కఠినమైతే సభ అంత ఆనందిస్తుంది. కోచ్‌కు సభ లేదు, ఉండకూడదు. గోప్యత ఆ వృత్తి ప్రాథమిక నియమాల్లో ఒకటి. అతడు మూసే దారి సాధకుడిని ఇరుకున పెట్టడానికి కాదు, మరో దారి ఉందని చూపడానికి. ఏ క్షణంలోనైనా నిషేధాన్ని ఎత్తివేయడానికి అతడు సిద్ధంగా ఉండాలి. ఉపమేయానికీ ఉపమానానికీ ఉన్న ఈ భేదమే కోచ్ ధర్మాన్ని నిర్వచిస్తుంది. అతడు పృచ్ఛకుడి చెవిని తీసుకోవాలి, పృచ్ఛకుడి గెలుపును వదులుకోవాలి.

6. పక్కనుంచి పలికే మాట, వెనుదిరిగి చూసే చూపు

ఆధునిక రంగస్థల శిక్షణలోనూ ఈ పృచ్ఛకస్థానం కనిపిస్తుంది. వయోలా స్పోలిన్ 1963లో ప్రచురించిన ‘ఇంప్రొవైజేషన్ ఫర్ ది థియేటర్’లో ‘సైడ్ కోచింగ్’ అనే పద్ధతిని వివరించింది. నటులు ఆటలో ఉండగా శిక్షకుడు పక్కనుంచి చిన్నచిన్న మాటలు అందిస్తాడు. నటులు ఆట ఆపరు, శిక్షకుడి వైపు తిరగరు, ఆ మాటను ఆటలోనే కలుపుకుంటారు. శిక్షకుడి మాట ముందే రాసుకున్నది కాదు, జరుగుతున్న ఆటలోంచి పుట్టినది. అది ఆటను ఆపితే విఫలమైనట్టే. కోచింగ్, ఆశుత్వం అనే రెండు పదాలు ఒకే చోట కలిసిన సందర్భాల్లో ఇది ఒకటి. అక్కడా వెలుగు నటుల మీదే ఉంటుంది, శిక్షకుడు ‘పక్కన’ ఉంటాడు.

కీత్ జాన్‌స్టోన్ 1979 నాటి ‘ఇంప్రో’లో మరో ముఖ్యాంశాన్ని ప్రతిపాదించాడు. ఆశువుగా కథ అల్లే వ్యక్తి వెనక్కి నడుస్తున్న మనిషి లాంటివాడని ఆయన భావన. ఎక్కడికి వెళ్తున్నాడో అతనికి కనిపించదు, ఎక్కడినుంచి వచ్చాడో కనిపిస్తుంది. ఇంతకుముందు వచ్చి పక్కన పడిపోయిన అంశాలను మళ్లీ తెచ్చి కలిపినప్పుడే కథకు ఆకృతి వస్తుంది. అవధానపరిభాషలో దీనికి సమీపమైన మాట ధారణ. అవధానం ఆశువుతో ముగియదు. చెల్లాచెదురుగా సాగిన పద్యాలన్నింటినీ చివర అప్పజెప్పినప్పుడు పూర్తవుతుంది. ధారణ విఫలమైతే అంతవరకు చెప్పిన చక్కని పద్యాలున్నా అవధానం లోటుపడుతుంది.

కోచింగ్‌లో ధారణభారం తిరగబడుతుంది. పద్యం సాధకుడిదే అయినా, దాన్ని జ్ఞాపకం ఉంచుకొనే బాధ్యత చాలావరకు కోచ్‌ది. రెండు నెలల కిందట సాధకుడు యథాలాపంగా అన్న ఒక మాటను సరైన సమయంలో అతని ముందు తిరిగి ఉంచడం కోచ్ చేయగల శక్తిమంతమైన ఆశుక్రియల్లో ఒకటి. అందులో కొత్తగా కల్పించింది ఏమీ లేదు. ఎదుటివారి మాటను వారికే తిరిగి ఇచ్చాడు, అంతే. అయినా ఏ మాటను, ఎప్పుడు అన్న ఎంపిక ఆ క్షణానికే పుట్టినది. కోచ్ ఆశుత్వం భావయిత్రీ ప్రతిభకు చెందినదనడానికి ఇది బలమైన సాక్ష్యం.

7. వైఫల్యం ఎవరి లెక్కలో?

ఆశువుగా చేసే ఏ పని అయినా కొన్నిసార్లు తప్పుతుంది. అవధాని తడబడితే నష్టం అవధానిదే. జాజ్ వాద్యకారుడు తప్పు స్వరం పలికిస్తే ఆ సాయంత్రం కచేరీ కొంచెం వెలితిపడుతుంది. కోచ్ ప్రయోగం తప్పితే దాని భారం ప్రధానంగా సాధకుడి మీద పడుతుంది. అతడు ఆ సంభాషణ వల్ల ఉద్యోగం మానేయవచ్చు, ఒక బంధాన్ని తెంచుకోవచ్చు, తనపై తనకున్న నమ్మకాన్ని కోల్పోవచ్చు. కర్త ఒకరు, ఫలభోక్త మరొకరు కావడం కోచింగ్‌లోని ఆశుత్వాన్ని కళల్లోని ఆశుత్వం నుంచి వేరుచేస్తుంది. కళారంగం నుంచి ఉపమానాలు తెచ్చుకొనేటప్పుడు మరుగున పడుతున్నది ఈ భేదమే.

జాన్‌స్టోన్ తన తరగతిలో నేల మీద కూర్చొని, విద్యార్థులు విఫలమైతే తననే నిందించమని చెప్పేవాడినని రాశాడు. నేర్పవలసిన నిపుణుడు తానే కాబట్టి తప్పు తనదేనని ఆయన తర్కం. దీనివల్ల విద్యార్థుల భయం తగ్గుతుంది. వృత్తిపర కోచింగ్‌లో ఈ మాట ఒక్కటే చాలదు, దానికి నియమరూపం కావాలి. ప్రారంభంలోనే కుదుర్చుకొనే ఒప్పందం, సంభాషణ పరిధి, మానసిక చికిత్స అవసరమైన సందర్భంలో తగిన నిపుణుల దగ్గరికి పంపడం వంటివి ఆ నియమరూపాలు. ఇవి ఆశుత్వానికి సంకెళ్లు కావు. అవధానికి ఛందస్సు ఎలాంటిదో కోచ్‌కు ఇవి అలాంటివి. ఏది దాటకూడదో తెలిసినవాడే లోపల స్వేచ్ఛగా తిరగగలడు.

మూల్యాంకనం దగ్గర మాత్రం చిక్కుంది. కోచ్‌లకు అర్హతాపత్రాలిచ్చే ప్రక్రియలో సంభాషణల ధ్వనిముద్రణలను, వాటి లిఖితరూపాలను పరిశీలించడం ఒక భాగం. లిఖితరూపంలో అడిగిన ప్రశ్న కనిపిస్తుంది. అడగాలనిపించి ఆపుకున్న ప్రశ్న కనిపించదు. భావయిత్రీ ప్రతిభలో సగం ఈ ఆపుకోవడంలోనే ఉంది. కాబట్టి పరీక్షించే పద్ధతే తనకు తెలియకుండా కారయిత్రి వైపు, మాటకారితనం వైపు మొగ్గే అవకాశం ఉంది. దీనికి విరుగుడుగా కోచ్ మాటలను కాక, ప్రతి ప్రశ్న తరువాత సాధకుడి వాక్యం ఎలా మారిందో పరిశీలించడం ఉచితం. అతని వాక్యాల్లో కర్త మారిందా? ‘వాళ్లు’ తగ్గి ‘నేను’ పెరిగిందా? కాలం మారిందా? గతం నుంచి భవిష్యత్తుకు కదిలిందా? ఇవి భాషాసాహిత్య పరిశోధకులు చేయగల విశ్లేషణలు. ఈ రంగంలో వారికి పని ఉంది.

8. ఒక ఆక్షేపం, సమాధానం

ప్రతి సంభాషణా ఆశువే కదా, ఎవరూ ముందే రాసుకొని మాట్లాడరు కదా, మరి కోచ్ విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిందేమిటన్న ఆక్షేపం రావచ్చు. సాధారణ సంభాషణలో ఆశుత్వం ఎక్కువగా అలవాటు ప్రవాహం. మనం తత్క్షణం అనే మాటల్లో అధికభాగం అంతకుముందు ఎన్నోసార్లు అన్నవే. కోచ్ చేయవలసింది దానికి వ్యతిరేకం. అతనికి సిద్ధంగా ఒక సలహా ఉంటుంది, అలవాటైన ఒక ప్రశ్న ఉంటుంది, నేర్చుకున్న ఒక నమూనా ఉంటుంది. వాటిని నోటిదాకా రానిచ్చి, ఎదుటి మాటకు అవి సరిపోవని గమనించి వదులుకోవడం అతని ఆశుత్వం. నిషిద్ధాక్షరిలోని నిషేధం మొదట అతని మీదే పడుతుంది.

ఈ పరిశీలన కోచింగ్ వృత్తికే పరిమితం కాదు. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పర్యవేక్షణకూ ఇది వర్తిస్తుంది. పరిశోధక విద్యార్థి అస్పష్టమైన అధ్యాయం తెచ్చినప్పుడు దాన్ని అక్కడికక్కడే తిరగరాసి ఇచ్చే పర్యవేక్షకుడు క్విస్ట్ వంటివాడు. అధ్యాయం బాగుపడుతుంది, పరిశోధకుడి చేయి ఆగిపోతుంది. సిద్ధాంతగ్రంథం పూర్తయిన తరువాత మౌఖికపరీక్షలో ఆ వాక్యాలను సమర్థించవలసింది మాత్రం విద్యార్థే. ‘ఈ పేరాలో మీరు ఇతరుల నుంచి తీసుకోని వాక్యం ఏది?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకునే పర్యవేక్షకుడు నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి వంటివాడు. అందుకు సమయం ఎక్కువ పడుతుంది, పర్యవేక్షకుడి పాండిత్యం తక్కువగా కనిపిస్తుంది. ఆ రెండింటినీ భరించడానికి సిద్ధపడటంలోనే శిక్షకధర్మం ఉంది.

9. ముగింపు:

1. కోచింగ్‌లో ఆశుత్వమంటే సన్నద్ధత లేకపోవడం కాదు. సన్నద్ధుడైన కోచ్ సంభాషణను మాత్రం సన్నద్ధం చేసుకోకపోవడం.

2. నమూనాలు, సామర్థ్యాల పట్టికలు ఛందస్సు వంటివి. అవి ఆశుత్వానికి ఆధారాలు. వాటి పూర్తి మాత్రమే ఫలితంగా లెక్కించినప్పుడు అవరోధాలు.

3. గాల్వే కిటికీ అద్దం, స్పోలిన్ పక్కమాట సాధకుడి కల్పనకు దారి ఇచ్చిన ఆశుక్రియలు. క్విస్ట్ పలుచని కాగితం గురువు కల్పనను ప్రదర్శించిన ఆశుక్రియ. రెండింటినీ ఒకే పేరుతో ప్రశంసించడం తగదు.

4. కోచ్ ఆశుత్వం ప్రధానంగా భావయిత్రీ ప్రతిభకు చెందినది. దానికి తెలుగు సంప్రదాయంలో సన్నిహితమైన ఉపమానం నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు.

5. ఆశుక్రియ విఫలమైనప్పుడు నష్టపోయేది ప్రధానంగా సాధకుడు కనుక, కళాకారుడికి ఉన్న స్వేచ్ఛ కోచ్‌కు యథాతథంగా వర్తించదు. ఒప్పందం, పరిధి, ధారణ అనే మూడు నియమాలు ఆ స్వేచ్ఛకు హద్దులు.

అవధానసభ ముగిసిన తరువాత శ్రోతలు ఇళ్లకు తీసుకెళ్లేది అవధాని పద్యాన్ని. ఏ అక్షరాన్ని ఎవరు నిషేధించినందువల్ల ఆ పద్యం ఆ మలుపు తిరిగిందో చాలామందికి గుర్తుండదు. కోచింగ్ సఫలమైనదనడానికి కూడా గుర్తు ఇదే. సాధకుడికి తన మాట గుర్తుండాలి, కోచ్ మాట మరచిపోయినా పరవాలేదు.